పాట ఆగిన యాభయ్యో సెకను

“అమ్మాయ్, పాలు పొంగుతాయేమో, ఒక్క నిమిషం చూసి పో” అని అత్తగారు గదిలోంచి కేకేసేసరికి ఆమె పాట ఆపి, హెడ్‌ఫోన్స్ మెళ్ళోకి జార్చుకుని వంటింట్లోకి నడిచింది. ఒక్క నిమిషం అనే మాటకి ఆ ఇంట్లో ఉన్న అర్థం ఏ గడియారానికీ తెలియదు. పాలు చూడ్డానికి వెళ్ళిన మనిషి, అవి కాగేలోగా సింకులో నానుతున్న నాలుగు గిన్నెలు తోమేస్తుంది. చేతులు తుడుచుకోబోతే గుడ్డ మురికిగా ఉంటుంది. దాన్ని వాషింగ్ మెషిన్లో పడేద్దామని వెళ్తే నిన్నటి తడిబట్టలు అందులోనే ముద్దగా పడి ఉంటాయి. ఆ బట్టలు అక్కడున్నట్టు ఇంట్లో ఇంకెవరికీ ఎప్పుడూ కనపడదు. చూపు అందరికీ బాగానే ఉంది, అత్తగారికి తప్ప. ఆవిడకి మొన్ననే కంట్లో శుక్లం తీశారు.

ఆ రోజు ఆదివారం. ఆమె రెండేళ్ళ కష్టం నిలుస్తుందో, సగానికి తెగుతుందో మర్నాడు పదింటికి తేలిపోతుంది. ఆ సంగతి శుక్రవారం భోజనాల దగ్గర ఇంట్లో చెప్పింది కూడా. “అయ్యో, అలాగా” అన్నాడు భర్త, నిజంగానే బాధపడి. అన్నం కలుపుకుంటూ “ఆదివారం ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, తీరిగ్గా చూసుకో” అన్నాడు. ఆమెకి ఆదివారం ఇంట్లో ఉండడమంటే ఏమిటో అతనికి తెలియదు. పన్నెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ తెలుసుకోకుండా ఉండగలగడం మాత్రం సామాన్యమైన సంగతి కాదు.

ఆమె పని గదులు కట్టడం. ఇటుకలూ సిమెంటూ అక్కర్లేని గదులు. స్టూడియోలో, మెత్తలు కొట్టిన నాలుగు గోడల మధ్య రికార్డు చేసిన గొంతు పొడిపొడిగా ఉంటుంది. ఆ గొంతు ఏ పెద్ద హాల్లోనో నిలబడి పాడుతున్నట్టు వినిపించేలా చేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆమె రాస్తుంది. పాటల్ని కలిపి తయారు చేసేవాళ్ళు తమ పెద్ద సాఫ్ట్‌వేర్‌కి దీన్ని తగిలించుకుంటారు, అందుకే దీన్ని ప్లగిన్ అంటారు. “గొంతుకి గది కట్టడమేమిటే” అని పెళ్ళైన కొత్తలో అత్తగారు ముక్కున వేలేసుకుంది. తర్వాత తర్వాత ఆ ప్రశ్న మానేసి, అడిగినవాళ్ళకి “కంప్యూటర్లో ఏవో పాటలవీ చేస్తుంది” అని చెప్పి ఊరుకుంటోంది.

ఈ గదులతో ఒక చిక్కుంది. గది ఎంత నిజంగా వినిపించాలంటే కంప్యూటరు అన్ని లెక్కలు చెయ్యాలి. గోడకి తగిలి వెనక్కొచ్చే ప్రతి చప్పుడూ ఒక లెక్కే. పోనీ తీరిగ్గా చేస్తానంటే కుదరదు. శబ్దం ముక్కలు ముక్కలుగా బయటికి వెళ్తుంది, ఒక ముక్క మోగి అయిపోయేలోగా తర్వాతి ముక్క సిద్ధంగా ఉండాలి. కంచంలో కూర అయిపోయేలోగా మళ్ళీ వడ్డించడం లాంటిది. వేళకి వడ్డిస్తున్నంతసేపూ వడ్డించే మనిషి ఒకతె ఉందని ఎవరికీ గుర్తుండదు. ఒక్క ముక్క ఆలస్యమైందా, స్పీకర్లో టప్పుమంటుంది, అప్పుడు అందరూ తలెత్తి చూస్తారు.

శుక్రవారం మీటింగులో ఆ టప్పు గురించే గొడవ. ముందుగా వాడి చూడమని ప్లగిన్‌ని కొంతమందికిచ్చారు. వాళ్ళలో సగం మంది ఒకే మాట రాశారు. శబ్దం చాలా బాగుంది, కానీ మామూలు లాప్‌టాప్ మీద ఉండుండి టప్పుమంటోంది, లోపల ఫ్యాను గోలపెడుతోంది, ఎందుకో తెలియడం లేదు. ఆఫీసులో మాత్రం ఓ పాటలోంచి ఇరవై సెకన్ల ముక్క తీసి గంటల తరబడి తిప్పి తిప్పి వాయించినా ఒక్కసారి కూడా టప్పుమనలేదు. “అంటే వాళ్ళ మెషిన్లకి ఓపిక లేదన్నమాట” అని తేల్చేశాడు మేనేజరు. “సోమవారం పదింటికి కంపెనీ పెద్దవాళ్ళు వస్తున్నారు. అప్పటికి మెషిన్ మీద బరువు తగ్గకపోతే గదిని సగానికి కోసేద్దాం మేడం. శబ్దం పదహారు దారుల్లో తిరుగుతోందిగా, ఎనిమిది చాలు.”

ఆ ఆఫీసులో చెవులాయన అని ఒకాయన ఉన్నాడు. ఆయనవి బంగారపు చెవులని ఆయనే చెప్పగా అందరికీ తెలిసింది. ఏ ప్లగిన్ తయారైనా పెద్దవాళ్ళ ముందు కుర్చీలో కూర్చుని వినిపించేది ఆయనే. ఆయన విని బాగుందన్నదాన్ని ఆ పూట నుంచీ చెవులాయన సౌండు అంటారు, రాసింది ఎవరైనా సరే. “కోస్తే రేకు డబ్బాలా మోగుతుంది సార్” అన్నాడాయన. అని, ఆమె వైపు తిరిగి నవ్వాడు. “అయినా మన పొదుపమ్మ ఉన్నారుగా. ఇంట్లో సామాను సర్దినట్టు ఏదో మూల సర్దేస్తారు.” అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అలా నవ్వినందుకు ఇంటికొచ్చే దారి పొడుగునా తనని తాను తిట్టుకుంది.

అసలు ఆ గది ఆమెకి ఎక్కడ దొరికిందో ఆఫీసులో ఎవరూ అడగలేదు. రెండేళ్ళ కిందట లిఫ్టు పాడైన రోజు, రెండు చేతులా సంచులతో మెట్లెక్కుతోంది. మూడో అంతస్తు మలుపులో సంచిలోంచి కొత్త స్టీలు మూత జారి, మెట్టుమెట్టుకీ తగులుతూ కిందిదాకా దొర్లింది. మూత ఆగిపోయింది కానీ మోత ఆగలేదు. మెట్ల మధ్య ఖాళీలో పైకెక్కి, తిరిగి, సన్నబడి, ఇంకా సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. ఆమె సంచులు అక్కడే పెట్టేసి కిందికి దిగి, మూత తెచ్చి, మళ్ళీ వదిలింది. మళ్ళీ తెచ్చి మళ్ళీ వదిలింది. పై వాటావిడ తలుపు తీసి “ఏం పోయిందమ్మా” అని అడిగింది. పోలేదండీ, దొరికింది అని చెప్పాలనిపించింది. ఇంటికెళ్ళాక భర్త “మూత పడితే తెచ్చుకోడానికి గంట పట్టిందా” అన్నాడు. ఆ మోత చివర మిగిలే సన్నని తోకనే ఆమె రెండేళ్ళు కూర్చుని చెక్కింది. గదిని సగానికి కోస్తే ముందు పోయేది ఆ తోకే.

పాలు దించి, గిన్నెలు తోమి, తడిబట్టలు ఆరేసి, మళ్ళీ భోజనాల బల్ల దగ్గరికొచ్చింది. ఆమె ఆఫీసు ఆ బల్లే. పక్క గదికి తలుపుంది, ఆ గది భర్తది, అతనికి ఫోన్లొస్తాయి కాబట్టి. బల్ల మీద లాప్‌టాప్ ఫ్యాను ఒకటే హోరు. కిటికీలోంచి ఎండ పడుతోందేమోనని కర్టెన్ లాగి, పాట మొదలుపెట్టి పనిలో పడింది. కాసేపటికి ఫ్యాను నెమ్మదించింది. కర్టెన్ పనిచేసిందనుకుని సంతోషించింది కూడా.

పదహారు దారుల్లో ఏది తీసేసినా గది వికారంగా మోగుతోంది. ఒకటి తీస్తే గొంతు ముక్కుతో పాడినట్టుంది, రెండు తీస్తే తోక మధ్యలో తెగిపోతోంది. ఇంతలో అత్తగారికి కంట్లో చుక్కలు వేసే వేళైంది. మళ్ళీ పాట ఆపి లేచింది. అవి రెండు రకాలు, ఒకటి వేశాక ఐదు నిమిషాలాగి రెండోది వెయ్యాలి. ఆ ఐదు నిమిషాలూ మంచం పక్కనే కూర్చుంది.

“నీ పని పాడుచేస్తున్నానేమో” అంది అత్తగారు కళ్ళు మూసుకునే.

“లేదత్తయ్యా” అంది ఆమె. అబద్ధమే, కానీ ఆ ముసలి కళ్ళ మీద విసుక్కోవడానికి మనసొప్పలేదు.

“మీ మామగారున్నన్నాళ్ళూ అంతే. ఆయన పిలవడం, నేను లేవడం. ఓ పుస్తకం తీశానంటే ఎప్పుడూ ఆ పన్నెండో పేజీయే. పదమూడో పేజీలో ఏముందో నాకు ఈ జన్మకి తెలియదు.”

ఆవిడ ఆ మాట నవ్వుతూనే అంది. ఆమె రెండో చుక్క వేసి బయటికొచ్చేసరికి బల్ల మీద ఫ్యాను మళ్ళీ హోరెత్తిపోతోంది. కర్టెన్ వేసే ఉంది. గదిలో ఎండ లేదు. పాట కూడా మోగడం లేదు.

పాట కూడా మోగడం లేదు. ఈసారి ఆ మాట దగ్గర ఆమె ఆగింది. నిలబడే పాట నొక్కింది. సంగీతం మొదలైంది, గొంతు పాడింది, అర నిమిషంలో ఫ్యాను సద్దుమణిగింది. పని చేయిస్తే చల్లబడుతోంది. వదిలేస్తే వేడెక్కుతోంది. ఇదెక్కడి విడ్డూరం. కుర్చీ లాక్కుని కూర్చుంది. ప్రాసెసర్ ఎంత కష్టపడుతోందో చూపించే అంకెని తెర మీద పెద్దది చేసి పెట్టుకుంది. పాట మోగుతుంటే అది నూటికి ఇరవై దగ్గర ఉంది. పాట ఆపేసి, గడియారం చూస్తూ, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

పది సెకన్లు. ఇరవై. అంకె కదల్లేదు. ముప్ఫై.

“ఇదిగో, నా నీలం చొక్కా ఎక్కడుంది?” గదిలోంచి భర్త.

అది అల్మారాలో రెండో అరలో ఎడమవైపు ఉంది. చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆమె చెప్పలేదు. నలభై.

“నిన్నే, వినపడ్డం లేదా?” నలభై నాలుగు. చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. భర్త బల్ల పక్కకొచ్చి నిలబడి, ఆమె మొహం చూశాడు, తెర చూశాడు. “ఏం చేస్తున్నావు?”

“వింటున్నాను.”

“ఏం వింటున్నావు? పాట ఆగిపోయి ఉందిగా.”

నలభై తొమ్మిది. యాభై. ఇరవై మీదున్న అంకె ఒక్క గెంతున ఎనభై అయిదుకి పోయింది, ఫ్యాను భళ్ళున లేచింది. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, అరవాలని ఉంది. “చొక్కా రెండో అరలో ఎడంపక్కన ఉంది, వెళ్ళి తీసుకోండి” అంది, అంత సంతోషంగా చొక్కా సంగతి ఎవరూ ఎన్నడూ చెప్పి ఉండరు. అతను ఆమెని వింతగా చూసి వెళ్ళిపోయాడు.

కారణం ఆమెకి అప్పటికే అర్థమైంది. పాట ఆగినా గది మోత వెంటనే ఆగదు, సన్నబడుతూ పోతుంది. చెవికి నాలుగైదు సెకన్లలో వినపడ్డం మానేస్తుంది, లెక్కల్లో మాత్రం ఇంకా బతికే ఉంటుంది. యాభై సెకన్లకి ఎంత చిన్నదవుతుందంటే, సున్నా పెట్టి, పాయింటు పెట్టి, ముప్ఫై ఏడు సున్నాలు రాసి, చివర ఒక ఒకటి వేస్తే ఎంతో, అంత. దాన్ని ఏ చెవీ వినలేదు, బంగారపు చెవులతో సహా. కానీ ప్రాసెసర్‌కి మామూలు అంకెల్ని కూడడం చిటికెలో పని, ఈ నలుసుల్ని పట్టుకోవడమే చచ్చేంత చాకిరీ. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ ఇది తెలిసిందే. అందుకే మొదట్లోనే ఒక వాక్యం రాసి పెడతారు, ఇంతకంటే చిన్నదొస్తే సున్నా అనుకొమ్మని. ఆమె కూడా రాసింది. కాకపోతే ఆరు నెలల కిందట బరువు పంచుదామని తోక లెక్కల్ని వెనకవైపు విడిగా నడిచే ఇంకో భాగానికి అప్పగించింది. ముందు భాగానికి చెప్పిన మాట వెనక భాగానికి వర్తించదు, దానికి మళ్ళీ చెప్పాలి. చెప్పలేదు.

పాత ఫైళ్ళు తిరగేసి ఆ మార్పు చేసిన తేదీ చూసింది. చూడగానే గుర్తొచ్చింది. అది కూడా ఆదివారమే. భర్త స్నేహితులు నలుగురు చెప్పాపెట్టకుండా వచ్చారు. “ఒక్క అరగంట, టీ ఇచ్చి వెళ్ళి నీ పని చేసుకో” అన్నాడతను. టీ భోజనమైంది, భోజనం గిన్నెలైంది. సాయంత్రం మళ్ళీ కూర్చునేసరికి ఎక్కడ ఆపిందో మరిచిపోయి, పూర్తయిందనుకుని ఫైలు మూసేసింది.

ఇప్పుడు ఫిర్యాదులన్నీ తెరిచి మళ్ళీ చదివింది. ఇద్దరు టప్పుమన్న చోటు నిమిషాలతో సహా రాశారు. రెండూ గొంతు ఆగి, రెండో చరణానికి ముందు వాయిద్యాలు మాత్రమే మోగే చోటే. పాడేమనిషి నిమిషం ఊరుకుంటే చాలు, ఆ గొంతు తాలూకు తోక నలుసైపోయి మెషిన్ మెడకి చుట్టుకుంటుంది. గదిని సగానికి కోసినా ఆ టప్పు పోయేది కాదు, తోక మాత్రం పోయేది. మరి ఆఫీసులో ఎవరికీ ఎందుకు దొరకలేదు? ఇరవై సెకన్ల ముక్కని ఆపకుండా తిప్పేవాళ్ళకి యాభయ్యో సెకను ఎలా కనపడుతుంది? పాట మధ్యలో ఆపి పాల దగ్గరికి వెళ్ళాల్సిన అవసరం వాళ్ళకెప్పుడొచ్చింది గనక?

కొత్త వాక్యం రాయడానికి పది సెకన్లు పట్టలేదు. ఇంతకంటే చిన్నదొస్తే సున్నా అనుకో. రాసి, దాన్నే చూస్తూ కూర్చుంది. ఈ మాట ఆమెకి కొత్తది కాదు, పన్నెండేళ్ళుగా వింటున్నదే. చిన్న విషయం, వదిలెయ్. అంత చిన్నదానికి మొహం అలా పెడతావేమిటి. సరదాకి అన్నారు, పట్టించుకోకు. కూరలో ఉప్పు గురించి నలుగురిలో అన్న మాట, పొదుపమ్మ అన్న పేరు, తలుపున్న గది, చొక్కా, మూతకి గంట పట్టిందా అన్న నవ్వు. తను కూడా వాటినన్నిటినీ సున్నా అనుకుంటూ వచ్చింది. కానీ అవి సున్నాలు కావు. ఈ తోక ఎవరి చెవికీ వినపడదు కాబట్టి దాన్ని కొట్టెయ్యొచ్చు. ఆ మాటలు ఆమెకి వినపడ్డాయి, ప్రతి ఒక్కటీ. ఇంట్లో అంతా సద్దుమణిగాక, పైకి ఏమీ మోగనప్పుడు, లోపల ఫ్యాను తిరిగేది వాటివల్లే. మెషిన్‌కి చెప్పిన మాట తనకి తను చెప్పుకోకూడదని అప్పుడు అర్థమైంది ఆమెకి. కోపం వచ్చింది. ఆ కోపం కూడా ఆ పూట సంతోషంలో కలిసిపోయి ఆమెని ఒకచోట కూర్చోనివ్వలేదు.

పాట ఆపి పరీక్షించింది. యాభై సెకన్లు, అరవై, రెండు నిమిషాలు. అంకె మూడుకి పడిపోయి అక్కడే ఉండిపోయింది. ఇక ఆగలేక హెడ్‌ఫోన్స్ పట్టుకుని అత్తగారి గదిలోకి పరిగెత్తినంత పని చేసింది. “అత్తయ్యా, దొరికింది.”

“ఏం పోయింది?” అంది ఆవిడ కంగారుగా.

“ఏం పోలేదు. ఒకసారి వినండి.” చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి, ఓ పొడి గొంతుని గదిలో పెట్టి వినిపించింది. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. గొంతు ఆగింది. ఆవిడ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది, మోత పూర్తిగా పోయిందాకా.

“ఇది మన మెట్ల దగ్గర చప్పుడు కదూ” అంది అత్తగారు.

రెండేళ్ళలో ఆ మాట చెప్పిన మొదటి మనిషి. ఆమె ఆవిడ చెయ్యి పట్టుకుని మంచం మీద కూలబడింది. “ఇంకోసారి పెట్టు” అంది అత్తగారు. వంటింట్లో కుక్కర్ కూతేసింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

సోమవారం పదింటికి పెద్దవాళ్ళు నలుగురొచ్చారు, ముగ్గురు మగవాళ్ళూ ఒకావిడా. మేనేజరు కావాలనే ఆఫీసులో అన్నిటికంటే పాత లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. చెవులాయన అలవాటుగా కుర్చీ వైపు నడిచాడు. “ఈసారి నేను కూర్చుంటాను” అంది ఆమె.

“వినిపించడం నేను చూసుకుంటాలెండి మేడం.”

“వినిపించడానికి కాదండీ. ఇందులో వినపడనిది ఒకటుంది, అది చూపించాలి.”

ఆయన పక్కకి జరిగాడు. కుర్చీ ఆయన ఎత్తుకి సర్ది ఉంది. ఆమె తొందరపడకుండా దాన్ని తన ఎత్తుకి దించుకుని కూర్చుంది. ముందు పాత ప్లగిన్‌తో పాట వినిపించి ఆపేసింది. “ఒక్క నిమిషం ఆగండి” అంది. నిజంగా ఒక్క నిమిషమే అడిగింది. అయినా ఆ నిమిషం వాళ్ళకి ఎంత పొడుగ్గా తోచిందో. ఒకాయన ఫోను తీశాడు. మేనేజరు దగ్గాడు. “హ్యాంగయిందా మేడం?” అన్నాడు చెవులాయన. ఆమె తెర మీంచి కళ్ళు తిప్పకుండా ఆగమన్నట్టు చెయ్యెత్తింది. అంతమంది తన చేతి కింద ఊరుకుని ఎదురుచూడడం ఆమెకి పుట్టాక అదే మొదలు, ఆ యాభై సెకన్లనీ ఒక్కొక్కటిగా అనుభవించింది. యాభయ్యో సెకనుకి పాత లాప్‌టాప్ గుక్కపట్టినట్టు ఏడుపు లంకించుకుంది. అంకె వంద తాకింది. ఫోను చూస్తున్నాయన తలెత్తాడు.

తర్వాత కొత్తది పెట్టి పాట వాయించి ఆపింది. నిమిషం గడిచింది, రెండో నిమిషం గడిచింది. బయట కారిడార్లో ఎవరో నడిచిన చప్పుడు తప్ప ఇంకేం లేదు. “గదిని సగం చెయ్యక్కర్లేదు సార్” అంది మేనేజరుతో. “మిగిలిన ఓపికతో పదహారు దారుల్ని ఇరవై నాలుగు చేశాను. వినండి.” ఈసారి పాట చివర తోక ఎంత సన్నగా సాగిందంటే, అయిపోయాక కూడా ఎవరూ కదల్లేదు.

“మరి ఇన్నాళ్ళూ మాకెవరికీ ఎందుకు కనపడలేదు మేడం?” అన్నాడు మేనేజరు చివరికి.

“మీరెవరూ పాట మధ్యలో ఆపి లేవరు సార్. మిమ్మల్ని ఎవరూ పిలవరు కాబట్టి.”

మగవాళ్ళు నవ్వారు. వచ్చినవాళ్ళలో ఉన్న ఆవిడ మాత్రం నవ్వలేదు, తలూపి ఏదో రాసుకుంది. “చెప్పాను కదా సార్, మన పొదుపమ్మ సర్దేస్తారని” అన్నాడు చెవులాయన. శుక్రవారం అయితే ఆమె కూడా నవ్వేది.

“నేను పొదుపు చెయ్యలేదండీ, గది పెంచాను” అంది. అని కుర్చీలోంచి లేవకుండా, వాళ్ళడిగిన ప్రశ్నలన్నిటికీ తనే జవాబు చెప్పింది. అరగంట పట్టింది. మధ్యలో ఎవరూ పిలవలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఆమె భోజనాల బల్ల దగ్గర కొత్త గది మొదలుపెట్టింది, ఈసారి పెద్ద ఖాళీ నీళ్ళ ట్యాంకులో వినిపించే మోత. భర్త వంటింటి గుమ్మం పక్కనే కుర్చీలో కాళ్ళు చాపుకుని ఎవరో స్నేహితుడితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. వారం నుంచీ అందరికీ చెబుతున్నదే చెబుతున్నాడు, అతనికి నిజంగానే గర్వంగా ఉంది. “మా ఆవిడే పట్టుకుంది. ఆఫీసులో అంతమంది ఉండి ఏం లాభం? అసలు చెప్పాలంటే మేం పిలవబట్టే దొరికిందిలే” అని నవ్వి ఫోను పెట్టేసి, కూర్చున్నచోటి నుంచే మెడ తిప్పాడు. “ఇదిగో, పాలు పొంగేట్టున్నాయి, ఒక్క నిమిషం.”

లోపల మంచం మీద పుస్తకం చదువుకుంటున్న అత్తగారు తలెత్తి ఇటు చూసింది. ఆమె ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ పక్కకి జరిపి, కుర్చీలోంచి కదలకుండానే అతని వైపు చూసింది. కోపంగా కాదు, లెక్క తేలిన మనిషిలా నవ్వుమొహంతోనే చూసింది.

“ఆరు నెలల కిందట మీ స్నేహితులొచ్చారని మీరు పిలిస్తే లేచాను, ఆ తప్పు అప్పుడు దొర్లింది. పోయిన ఆదివారం మీరంతా పిలిస్తే లేచాను, అది అప్పుడు దొరికింది. చెల్లుకి చెల్లు. ఇక పిలవకండి.”